భేరిధారకు దారి

తూర్పు కొండల్లో నల్లమద్ది అడవి అని ఒక పెద్ద అడవి ఉండేది. అందులో కణుజులు, జింకలు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు, అడవిపందులు, ముళ్లపందులు, కుందేళ్ళు, నెమళ్ళు కలిసి బతికేవి. కణుజు అంటే ముదురు గోధుమరంగు ఒళ్ళు, చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములు ఉన్న పెద్ద దుప్పి.

అడవి నడుమ కొండ నిలువునా చీలిపోయి ఉండేది. ఆ చీలికే చీకటిలోయ. మిట్టమధ్యాహ్నం తప్ప దాని అడుగున ఎండ పడేది కాదు. దూరపు కొండల్లో పుట్టిన ఏరు ఒకటి రెండు రాతిగోడల మధ్య ఇరుక్కుని ఉరికి వచ్చి, ఒక్కసారిగా ఆ లోయలోకి దూకేది. ఆ జలపాతం పేరు భేరిధార.

పేరుకు తగ్గట్టే దాని మోత రెండు కొండల అవతలికి వినబడేది. దగ్గరికి వెళితే గొంతు పెంచి అరిస్తే తప్ప పక్కవాళ్ళ మాట వినబడదు. కాళ్ళ కింద నేల అదురుతుంది. కింది నుంచి లేచే నీటి తుంపర తెల్లటి పొగలా లోయను కమ్ముకుంటుంది. అడవిలో ఎవ్వరూ ఆ లోయలోకి దిగలేదు. దిగే అవసరమూ రాలేదు. పైన వాగులు, మడుగులు ఎప్పుడూ నిండుగా ఉండేవి.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. చలికాలం వెళ్ళేసరికే వాగులు సన్నబడ్డాయి. ఎండలు ముదిరాక మడుగులు ఎండి, అడుగున బురద పెచ్చులు పెచ్చులుగా లేచింది. చివరికి ఊటమడుగు ఒక్కటే మిగిలింది. ఒకనాటి ఉదయం చూస్తే అందులోనూ నీళ్ళు లేవు. తడి ఇసుక మాత్రం ఉంది.

భేరిధార మోత మాత్రం తగ్గలేదు. దాని నీళ్ళు దూరపు కొండల నుంచి వస్తాయి కదా! దప్పికతో ఉన్నవాళ్ళకు ఆ మోత వింటుంటే గొంతు ఇంకా ఎండిపోయేది.

ఆ సాయంత్రం జంతువులన్నీ ఎండిన ఊటమడుగు దగ్గర చేరాయి.

కణుజుల మందకు పెద్ద కొమ్మరాయుడు. అంత ఎత్తయిన జంతువు, అంత బలమైన జంతువు ఆ అడవిలో ఇంకొకటి లేదు. ఒకసారి రేచుకుక్కల గుంపును ఒంటరిగా ఎదిరించి తరిమేశాడు. ఆనాటి నుంచి మంద అతని మాట దాటేది కాదు. ఆనాటి నుంచే అతనికి ఇంకెవరి మాటా చెవికెక్కేది కాదు.

"దీనికి సభ ఎందుకు?" అన్నాడు కొమ్మరాయుడు. "పైన నీళ్ళు లేవు. కింద ఉన్నాయి. రేపు పొద్దున్నే లోయలోకి దిగుదాం. నేను ముందు నడుస్తాను, మీరు నా వెనకాలే రండి."

"దారేది బాబూ?" అని అడిగాడు ముసలి కొండముచ్చు. "చెట్లెక్కే మేమే ఆ గోడల జోలికి పోము."

"నేను నడిచిందే దారి," అన్నాడు కొమ్మరాయుడు మెడ నిక్కించి. "ఎంత పెద్ద ధార అయితే మాత్రం ఏముంది? పైనుంచి పడే నీళ్ళే కదా!"

అప్పుడు వెనక నుంచి ఒక నెమ్మదైన గొంతు వినబడింది.

"ఆ నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో, పడ్డాక ఏం చేస్తున్నాయో చూశావా నాయనా?"

అందరూ తిరిగి చూశారు. మాట్లాడింది పొలుసమ్మ అనే అలుగు. తల నుంచి తోక దాకా పెంకుల్లాంటి పొలుసులు, పొట్టి కాళ్ళు, పొడవైన గోళ్ళు. చీమల్ని, చెదల్ని తిని బతుకుతుంది. వయసులో పెద్దది. నడక నిదానం, మాట ఇంకా నిదానం. అడవిలో చిన్నవాళ్ళంతా ఆమెను అత్తా అని పిలిచేవారు.

"నేనూ చూడలేదు," అంది పొలుసమ్మ. "ఇక్కడ ఎవ్వరూ చూడలేదు. నాకు మూడు రోజులు ఇవ్వండి. వెళ్ళి చూసి, దారి తెలుసుకుని వస్తాను. నాలుగో రోజు పొద్దున అందరం దిగుదాం."

కొమ్మరాయుడు పకపకా నవ్వాడు. "మూడు రోజులా! లోయ అంచు దాకా నడవడానికే నీకు మూడు రోజులు పడుతుంది."

చాలామంది నవ్వారు. చుక్కమ్మ అనే జింక మాత్రం నవ్వలేదు. ఆమె పక్కన పది రోజుల పసికూన ఒకటి వణుకుతూ నిలబడి ఉంది.

"అత్తా, నా పొదుగు ఎండిపోతోంది," అంది చుక్కమ్మ. "బిడ్డ సరిగా నిలబడలేకపోతోంది. మూడు రోజులు ఎలా ఆగను?"

నవ్వులు ఆగిపోయాయి. పొలుసమ్మ నడుచుకుంటూ చుక్కమ్మ దగ్గరికి వెళ్ళింది.

"ఆగే ఉపాయం ఉందమ్మా," అంది. "పందులు దుంపలు తవ్వాలి. వాటిలో నీరుంటుంది. కొండముచ్చులు తునికి పళ్ళు, లేత చిగుళ్ళు కిందికి రాల్చాలి. పసిబిడ్డల తల్లులకు ముందు, మిగిలినవాళ్ళకు తర్వాత. పగటిపూట ఎవ్వరూ ఎండలో తిరగకూడదు. ఇలా చేస్తే మూడు రోజులు గడుస్తాయి. తెలియని లోయలోకి తొందరపడి దిగితే మాత్రం నీ బిడ్డకు తల్లి ఉండదు."

చుక్కమ్మ తల ఊపింది. బొంతయ్య అనే ఎలుగుబంటి లేచి, "నేనూ ఆగుతాను," అన్నాడు. పందులు సరేనన్నాయి. కొండముచ్చులు సరేనన్నాయి.

"మీ ఇష్టం," అన్నాడు కొమ్మరాయుడు. "మీ పొలుసమ్మ ఏ చెదపుట్ట పక్కనో హాయిగా నిద్రపోతుంది, చూస్తూ ఉండండి."

పొలుసమ్మ నిద్రపోలేదు. తెల్లవారేసరికి లోయ అంచున ఉంది.

అంచున పడుకుని చాలాసేపు కిందికి చూసింది. తూర్పు గోడ మీద సన్నటి రాతిగట్టు ఒకటి మెలికలు తిరుగుతూ దిగుతోంది. ఒక కణుజు నడవగలిగేంత వెడల్పు ఉంది. పొద్దుటి గాలి నీటి తుంపరనంతా పడమటి గోడ మీదికి తోస్తోంది. అందుకే పడమటి గోడ తడిసి నల్లగా మెరుస్తోంది. తూర్పు గట్టు పొడిగా ఉంది. పొలుసమ్మ గోళ్ళు రాతికి పట్టించి, ఒక్కో అడుగే వేస్తూ దిగింది.

సగం దూరం దిగాక దారి మూసుకుపోయింది. ఎప్పుడో లోయ అంచు దగ్గర కొండచరియ విరిగి, మట్టీ రాళ్ళూ జారిపడి గట్టును కప్పేశాయి. ఆ మట్టివాలు అంచు దగ్గర మొదలై, గట్టు మీదుగా లోయ అడుగు దాకా పోయింది. దాని అవతల గట్టు మళ్ళీ కిందికి సాగుతోంది. పొలుసమ్మ ఆ మట్టిలో గోళ్ళు గుచ్చుకుంటూ మెల్లగా అడుగుకు చేరింది. మట్టివాలు ఆగిన చోట మెత్తటి ఇసుకతిన్నె ఉంది. దాని పక్కన ఏనుగంత నల్లబండ. బండ చాటున నీళ్ళు కదలకుండా, అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి.

ఆమె కడుపునిండా తాగింది. తల ఎత్తి మొదటిసారి భేరిధారను దగ్గరగా చూసింది.

ఆకాశం నుంచి ఒక తెల్లటి కొండ విరిగి పడుతున్నట్టు ఉంది. అది పడిన చోట నీళ్ళు ఉడుకుతున్నట్టు పైకి లేస్తున్నాయి. ఆమె పొలుసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. పొలుసమ్మకు భయం వేసింది. అయినా కళ్ళు తిప్పుకోలేదు.

ఇంతలో నీళ్ళలో నుంచి ఒక నున్నటి తల పైకి వచ్చింది. అది నీటికుక్క. పేరు మునకయ్య.

"ఎవరమ్మా నువ్వు?" అని అతను ఆమె చెవి దగ్గరికి వచ్చి అరిచాడు. బండ చాటున మోత కాస్త తక్కువే అయినా అరవకపోతే మాట వినబడదు. "పై అడవి వాళ్ళు ఇక్కడికి దిగగా నేనెప్పుడూ చూడలేదు."

"దాహంతో వచ్చాం నాయనా," అని ఆమె కూడా అరిచింది. "ఈ నీళ్ళ సంగతి నీకు తెలుసా?"

"పుట్టింది ఇక్కడే అత్తా. అయినా ధార కిందికి మాత్రం నేనూ పోను. అక్కడ పెద్ద సుడి ఉంది."

"ఆ సుడి ఏం చేస్తుందో నాకు చూపించగలవా?"

మునకయ్యకు ఆ మాట నచ్చింది. ఒడ్డున పడి ఉన్న ఎండు కొమ్మను నోట కరిచి, సుడి అంచున వదిలి వచ్చాడు. పొలుసమ్మ చూసింది. ఇంకోటి వదలమంది. అలా ఒకటీ రెండూ కాదు, ఇరవై కొమ్మలు వేయించింది. నీటికి అడ్డం తిరిగిన కొమ్మలు ధార కిందికి పోయి పిండిపిండి అయ్యాయి. సుడితో పాటు తేలికగా తిరిగినవి మాత్రం మూడో చుట్టులో నల్లబండ పక్కకు వచ్చి, ఇసుక వైపు కొట్టుకొచ్చాయి. ఇరవైసార్లూ అలాగే జరిగింది.

మధ్యాహ్నం ఎండ లోయ అడుగును తాకింది. కాసేపటికే గాలి తిరిగింది. తుంపర ఇప్పుడు తూర్పు గోడ మీద పడటం మొదలైంది. పొద్దున తాను దిగి వచ్చిన గట్టంతా పొలుసమ్మ కళ్ళ ముందే తడిసి, నాచు పచ్చగా మెరిసింది.

"రోజూ ఇంతేనా?" అని అడిగింది.

"ఎండ ముదిరినన్నాళ్ళూ ఇంతే అత్తా. సాయంత్రం దాకా తడుస్తుంది. మళ్ళీ తెల్లారేసరికి ఆరుతుంది."

పొలుసమ్మ తొందరపడలేదు. ఆ పూటకు అక్కడే ఉండిపోయి, మర్నాడు ఉదయం రాయి ఆరాక పైకి ఎక్కింది.

ఆమె తిరిగి వచ్చిందని తెలిసి అడవంతా చుట్టూ మూగింది. "కింద తేటనీళ్ళు ఉన్నాయి," అంది పొలుసమ్మ. "దారి కూడా ఉంది. మధ్యలో మట్టి అడ్డం పడింది, తవ్వాలి. పొద్దున తవ్వాలి, పొద్దున్నే దిగాలి. మధ్యాహ్నం దాటితే గట్టు మీద కాలు పెట్టకూడదు."

బొంతయ్య తన గోళ్ళు చూసుకుని, "తవ్వడం నాకు వదిలెయ్ అత్తా," అన్నాడు. ముళ్లపంది నేనూ వస్తానంది.

ఆ రోజు అడవిలో ఎక్కడ విన్నా పొలుసమ్మ పేరే. కొమ్మరాయుడికి అది ములుకులా గుచ్చుకుంది. తన మందలోని కుర్ర కణుజులు కూడా అత్త ఇలా చెప్పింది, అత్త అలా చూసింది అని మాట్లాడుకుంటుంటే అతనికి మేత కూడా సహించలేదు.

మూడో రోజు ఉదయం బొంతయ్య, ముళ్లపంది, పొలుసమ్మ గట్టు దిగి మట్టిని తవ్వారు. బొంతయ్య తవ్విన మట్టిని ముళ్లపంది వెనక కాళ్ళతో పక్కకు నెట్టింది. ఎండ లోయ అడుగుకు చేరేసరికి సగం పని అయింది.

పొలుసమ్మ బొంతయ్య కాలిని తట్టి పైకి చూపించింది. ఇంకాసేపు తవ్వుదామని అతను సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ముగ్గురూ పైకి వచ్చేశారు. వాళ్ళు అంచు చేరేలోగానే గాలి తిరిగింది.

అంచు దగ్గర కొమ్మరాయుడు, అతని వెనక ఐదుగురు కుర్ర కణుజులు నిలబడి ఉన్నారు.

"అప్పుడే ఆపేశారేం?" అన్నాడు కొమ్మరాయుడు. "పట్టపగలు ఎండ కాస్తుంటే పని మానేస్తారా?"

"గాలి తిరిగింది నాయనా. గట్టు తడుస్తోంది. రేపు పొద్దున మిగిలింది తవ్వేస్తాం."

"ఆ పిడికెడు మట్టికి ఇంకో రోజా? అంతకన్నా వెడల్పయిన వాగులు నేను ఎగిరి దాటాను."

"వాగు దాటి గట్టి నేల మీద దిగావు," అంది పొలుసమ్మ. "ఇక్కడ దిగాల్సింది నాచు మీద. నీ ఒళ్ళు పట్టేంత వెడల్పు నాచు, దాని పక్కన లోయ."

"నాకు భయం నేర్పకు," అన్నాడు కొమ్మరాయుడు. "ఈ అడవికి నీళ్ళు చూపించేది నేనే. రండిరా!"

అతను గట్టు మీదికి దిగాడు. కుర్ర కణుజులు నాలుగడుగులు వేశారు. కాళ్ళ కింద రాయి జారింది. ఒకరి మొహం ఒకరు చూసుకుని వెనక్కి వచ్చేశారు. కొమ్మరాయుడు వెనక్కి తిరిగి ఏదో అరిచాడు. ధార మోతలో ఆ అరుపు ఎవరికీ వినబడలేదు.

అతను ఒక్కడే వెళ్ళాడు. సగం తవ్విన మట్టి దగ్గర ఆగి, నాలుగు కాళ్ళూ దగ్గరికి తీసుకుని ఎగిరాడు. ఎంతో అందమైన గెంతు అది. మట్టిని పూర్తిగా దాటాడు. అవతల గిట్టలు నాచు మీద ఆనాయి, ఆనిన వెంటనే జారాయి.

గట్టు అంచున మొలిచిన చెట్టువేరుకు అతని కుడికొమ్ము తగులుకుంది. ఒక్క క్షణం గాలిలో వేలాడాడు. కొమ్ము ఫెళ్ళున విరిగింది. కొమ్మరాయుడు రాతికి కాలు కొట్టుకుని, తిరుగుతూ తిరుగుతూ వెళ్ళి నీళ్ళలో పడ్డాడు.

పై నుంచి అందరూ చూశారు. తెల్లటి నురగలో గోధుమరంగు మెడ ఒకటి పైకి తేలింది. సుడి దాన్ని పట్టుకుంది.

"అయ్యో, పోయాడు!" అన్నాడు బొంతయ్య.

పొలుసమ్మ అప్పటికే మట్టివాలు పై అంచుకు చేరింది. "ఇంకా పోలేదు," అంది.

"అత్తా, వద్దు! తడి గట్టు మీద నువ్వూ నడవలేవు!"

"నడవను. ఈ మట్టి ఎక్కడ ఆగుతుందో చూసి వచ్చాను బొంతయ్యా. మెత్తటి ఇసుక మీద ఆగుతుంది."

ఆ మాట అని, తలను పొట్టలోకి ముడుచుకుని, తోకను చుట్టూ చుట్టుకుంది. చూస్తుండగానే గట్టి బంతిలా మారి, మట్టివాలు మీద దొర్లుకుంటూ పోయింది. రాళ్ళు తగిలి పొలుసులు టకటకలాడాయి. అడుగున ఇసుకలో కూరుకుని ఆగింది. విప్పుకుని లేచింది. పొలుసులు రెండు ఊడిపోయాయి. అంతే.

మునకయ్య అప్పటికే నల్లబండ మీద నిలబడి చూస్తున్నాడు.

కొమ్మరాయుడు సుడితో పోట్లాడుతున్నాడు. ఉన్న బలమంతా పెట్టి ఒడ్డు వైపు నేరుగా ఈదుతున్నాడు. ఎంత ఈదినా నీళ్ళు అతన్ని అడ్డంగా తిప్పి, ధార దగ్గరికి ఇంకాస్త లాగుతున్నాయి. మునకయ్య అరిచాడు. పొలుసమ్మ అరిచింది. అతనికి ఒక్క ముక్కా వినబడలేదు.

పొలుసమ్మ మునకయ్య చెవిలో గట్టిగా చెప్పింది. "చెబితే వినబడదు. చేసి చూపించు. కొమ్మల్లాగా! నీకు భయమైతే వద్దు."

"సుడి అంచు నాకు అలవాటే అత్తా," అన్నాడు మునకయ్య. అని నీళ్ళలోకి దూకాడు.

కొమ్మరాయుడి కళ్ళ ముందుకు వెళ్ళి, కాళ్ళు చేతులు వదిలేసి తేలాడు. సుడి అతన్ని తిప్పింది. ఒక చుట్టు. రెండో చుట్టు. మూడో చుట్టులో నల్లబండ పక్కకు రాగానే తోకతో ఒక్క కొట్టు కొట్టి ఇసుక మీదికి వచ్చి పడ్డాడు.

కొమ్మరాయుడు చూశాడు. నీటికి లొంగడమా అని అతని మెడ ఇంకా బిగుసుకునే ఉంది. కానీ కాళ్ళలో బలం అయిపోతోంది. ధార బాగా దగ్గరికి వచ్చింది, దాని చల్లటి గాలి మొహానికి కొడుతోంది. బతకాలనిపించింది. కళ్ళు మూసుకుని కాళ్ళు వదిలేశాడు.

సుడి అతన్ని ధార అంచు దాకా తీసుకెళ్ళి, అక్కడి నుంచి పక్కకు తిప్పింది. ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టు తిరిగాడు. మూడో చుట్టులో కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా నల్లబండ, దాని మీద చేతులు రెండూ పైకెత్తి నిలబడిన పొలుసమ్మ కనబడింది. మిగిలిన బలమంతా పెట్టి ఒక్క తాపు తన్నాడు. ముందరి గిట్టలకు ఇసుక తగిలింది.

చాలాసేపు అతను లేవలేకపోయాడు. కుడికొమ్ము లేదు. వెనక కాలు ఒకటి వాచి దుంగలా ఉంది.

"ఎందుకొచ్చావత్తా?" అని చివరికి గొంతు పెంచి అడిగాడు. అతను ఆమెను అత్తా అనడం అదే మొదటిసారి. "నిన్ను అందరి ముందూ నవ్వులపాలు చేశాను కదా."

"నువ్వు నీళ్ళలో ఉన్నావు. ఆ నీళ్ళ సంగతి నాకు తెలుసు. ఇంకెందుకొస్తారు నాయనా?"

కొమ్మరాయుడు ధార వైపు చూశాడు. "దాన్ని గెలుద్దామనుకున్నాను."

"అది నీతో పోటీకి రాలేదు," అంది పొలుసమ్మ. "దాని పని అది చేసుకుంటోంది. మనకు కావలసింది గుక్కెడు నీళ్ళు. ఆ బండ చాటున ఉన్నాయి. ముందు తాగు."

కొమ్మరాయుడు తల వంచి తాగాడు.

మర్నాడు తెల్లవారగానే పైన బొంతయ్య, ముళ్లపంది పని మొదలుపెట్టారు. కింది నుంచి గట్టు ఎక్కి వచ్చి పొలుసమ్మ తవ్వింది. ఆమె గోళ్ళకు లొంగని రాళ్ళను కొమ్మరాయుడు మూడు కాళ్ళ మీద నిలబడి, మిగిలిన ఒక్క కొమ్ముతో దొర్లించాడు. నొప్పికి అతని ఒళ్ళు వణుకుతూనే ఉంది. ఆగమని పొలుసమ్మ రెండుసార్లు సైగ చేసింది. అతను ఆగలేదు. లోయ గోడ మీద ఎండ సగానికి దిగేసరికి మట్టిలో చిన్న రంధ్రం పడింది. అందులో నుంచి బొంతయ్య ముక్కు బయటికి వచ్చింది. అక్కడ మోతలో మాటలు వినబడవు కాబట్టి, పొలుసమ్మ ఆ ముక్కును చేత్తో తట్టింది. కాసేపట్లో దారి తెరుచుకుంది.

పొలుసమ్మ పైకి వెళ్ళి అందరినీ వరుసగా నిలబెట్టింది.

"లోపల ఎవరి మాటా ఎవరికీ వినబడదు," అని చెప్పింది. "అందుకని ముందున్నవాళ్ళ వీపుకు మూతి ఆనించి నడవండి. వాళ్ళు కదిలితే కదలండి. ఆగితే ఆగండి. ధారను చూడాలనిపిస్తుంది. కింద ఇసుక మీద నిలబడి తనివితీరా చూడవచ్చు. ఇప్పుడు మాత్రం మీ కాళ్ళను చూసుకోండి."

"ముళ్లపంది వెనక ఎవరు నడవాలి అత్తా?" అని ఒక కుందేలు అడిగింది. దప్పికలో కూడా అందరికీ నవ్వొచ్చింది.

"ముళ్లపంది చివర్న నడుస్తుంది," అంది పొలుసమ్మ.

ఆమె ముందు నడిచింది. ఆమె వెనక చుక్కమ్మ, చుక్కమ్మకూ బొంతయ్యకూ నడుమ పసికూన, వాళ్ళ వెనక అడవి అడవంతా. గట్టు పొడిగా ఉంది. ఎవ్వరూ తోసుకోలేదు. మధ్యలో ఒక నెమలి భయపడి ఆగిపోతే వరుస మొత్తం ఆగింది. అది గుండె చిక్కబట్టుకుని కదిలాక వరుస మళ్ళీ కదిలింది. ఎండ లోయ అడుగును తాకేలోగా అందరూ ఇసుక మీద ఉన్నారు.

అక్కడ ఒక విచిత్రం చూశారు. నిలకడ నీళ్ళు అయిపోయి సుడి మొదలయ్యే చోట, కడుపు లోతు నీళ్ళలో, కొమ్మరాయుడు అడ్డంగా నిలబడి ఉన్నాడు. వాచిన కాలిని బండకు ఆనించుకున్నాడు.

"బయటికి రా నాయనా," అని పొలుసమ్మ అతని చెవి దగ్గర అరిచింది. "కాలు ఇంకా పాడవుతుంది."

"పిల్లలు ఆడుకుంటూ ఇటు వస్తారు అత్తా," అన్నాడు కొమ్మరాయుడు. "ఇక్కడ నీళ్ళ లాగుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాళ్ళందరూ తాగే వరకూ ఉంటాను."

చుక్కమ్మ బిడ్డ నీళ్ళలోకి రెండడుగులు వేసి, మూతి పెట్టి, ముక్కుల్లోకి నీళ్ళు పోయి తుమ్మింది. మళ్ళీ మూతి పెట్టింది. చుక్కమ్మ బిడ్డనే చూస్తూ తను తాగడం మర్చిపోయింది. కుర్ర కణుజులు ఐదుగురూ వచ్చి కొమ్మరాయుడి పక్కన వరుసగా నిలబడ్డారు. అలా సుడికి, పిల్లలకు మధ్య ఒక గోడ తయారైంది.

ఆ రాత్రి అందరూ ఇసుక మీదే ఉండి, మర్నాడు గట్టు ఆరాక పైకి ఎక్కారు. వానలు రావడానికి ఇంకా నలభై రోజులు పట్టింది. నలభై రోజులూ అడవి ఆ దారినే దిగింది, పొద్దున దిగి, గాలి తిరిగే లోపే ఎక్కింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు. మునకయ్యకు పై అడవిలో చుట్టాలు పెరిగారు.

మొదటి వాన కురిశాక జంతువులన్నీ మళ్ళీ సభ చేశాయి. కొమ్మరాయుడి వాపు తగ్గింది కానీ కుంటి నడక పోలేదు. అతనే లేచి, మంద పెద్దరికాన్ని ఒక ముసలి ఆడకణుజుకు అప్పగించాడు. తర్వాత పొలుసమ్మను అడవికి పెద్దగా ఉండమన్నాడు. అందరూ అవునన్నారు.

"నాకు పెద్దరికం ఎందుకు నాయనా?" అంది పొలుసమ్మ. "ఏదైనా తెలియకపోతే రండి, కలిసి వెళ్ళి చూద్దాం. అది చాలు."

ఏదో ఒకటి ఇవ్వకుండా వదిలేది లేదని అడవి పట్టుబట్టింది. చివరికి బొంతయ్య లేచి గొంతు సవరించుకున్నాడు.

"లోయ అంచు పొడుగునా ఉన్న చెదపుట్టలన్నీ ఇక నుంచి అత్తవే," అన్నాడు. "మేము ఎలుగుబంట్లం వాటిని ముట్టుకోము."

చెదలంటే ఎలుగుబంట్లకు ప్రాణం. ఆ మాట అంటుంటే అతని నోట్లో నీళ్ళూరాయి. అది అందరికీ కనబడింది.

పొలుసమ్మ నవ్వి, "పెద్ద పుట్ట తవ్విన రోజు నిన్నూ పిలుస్తాలే," అంది. అప్పుడే వెళ్దామా అన్నట్టు బొంతయ్య అటు రెండడుగులు వేశాడు. ఇద్దరూ వానలో తడుస్తూ లోయ అంచు వైపు నడిచి వెళ్ళారు.

నీతి: బలం ఉందని తెలియని చోట దూకినవాడు తనకే చేటు తెచ్చుకుంటాడు, ఓపికగా చూసి, తెలుసుకుని అడుగు వేసినవాడు తానూ చేరుతాడు, పదిమందినీ చేరుస్తాడు.